తండ్రి కావడమంటే ఉండే భయం గురించిన సినిమా అంటారు, మరి పదిహేడేళ్ల నన్నెందుకు వదలడం లేదు?

నల్లగీత:

డేవిడ్ లించ్ తీసిన ‘ఇరేజర్‌హెడ్’ గురించి అడగాలని వచ్చాను. చూడనివాళ్లకి ముందే చెప్పేస్తున్నా, చివరి సీన్‌తో సహా కథంతా కింద ఉంది.

ఈ సినిమా గురించి ఎవరు రాసినా ఒక్కటే చెబుతారు, ఇది తండ్రి కావడానికి భయపడే మనిషి పీడకల అని. లించ్ ఫిలడెల్ఫియాలో ఉన్న రోజుల్లో, 1968లో, కూతురు జెన్నిఫర్ పుట్టింది. అప్పటికి ఆయనకి ఇరవై రెండేళ్లు. పాపకి పుట్టుకతోనే పాదాలు వంకర, ఆపరేషన్లు చేయించాల్సి వచ్చింది. వాళ్లు కాపురమున్న పేట చూస్తే ఫ్యాక్టరీలు, మసి, రాత్రయితే భయం. ఇవన్నీ వరసగా చెప్పేసి, అదిగో సినిమాలో మనిషి పోలిక లేని ఆ బిడ్డ అలా వచ్చింది అని ముగిస్తారు. కాదనను. కానీ నాకు పదిహేడేళ్లు. నేనెవరికీ తల్లిని కాను, ఆ ఆలోచన కూడా నా దరిదాపుల్లో లేదు. సినిమాలో ఉన్నది ఆ భయమొక్కటే అయితే నాకు బోర్ కొట్టాలి కదా. కొట్టకపోగా పోయిన ఏడాది నుంచి నా తలలోనే కాపురం పెట్టింది.

ఎంతలా అంటే, నా ఫిజిక్స్ నోట్సు మార్జిన్లలో అన్నీ సినిమాలో హీరో హెన్రీ జుట్టే. పైకి నిక్కబొడుచుకుని, పెన్సిల్ వెనకున్న రబ్బరులా ఉంటుందే, అది. రాత్రి నిద్ర పట్టకపోతే సినిమా పెట్టి, ఫోన్ బోర్లించి, బొమ్మ లేకుండా ఒట్టి శబ్దం వింటూ పడుకుంటాను. మా అమ్మ ఒకసారి అది విని ఫ్యాన్ పాడైందేమో అనుకుని లేచి వచ్చింది. నా స్నేహితురాలికి ఎంతో ఇష్టంగా చూపిస్తే, కోడి సీన్ దగ్గర లేచి వెళ్లిపోయింది. మర్నాడు, “నువ్వు బాగానే ఉన్నావా?” అని చాలా మెల్లగా అడిగింది. బాగానే ఉన్నాను. నిజంగానే. దిగులుగా ఏమీ లేను, చదువు సాగుతోంది, తింటున్నాను, నవ్వుతున్నాను.

ఆ కోడి సీన్ నాకు పొల్లు పోకుండా గుర్తు. హెన్రీ తన ప్రియురాలు మేరీ ఇంటికి భోజనానికి వెళ్తాడు. సోఫాలో కూర్చోబెట్టి, ఏం పని చేస్తావని వాళ్లమ్మ అడుగుతుంది. ప్రింటర్‌నంటాడు. కింద నేల మీద ఒక కుక్క పిల్లలకి పాలిస్తూ ఉంటుంది, ఆ చప్పుడు ఆగదు. వంటింట్లో నాయనమ్మ కుర్చీలో కదలకుండా ఉంటుంది. బతికుందో లేదో తెలీదు. మేరీ వాళ్లమ్మ సలాడ్ గిన్నె తీసుకొచ్చి ఆ ముసలావిడ ఒళ్లో పెట్టి, ఆవిడ చేతులు పట్టుకుని తనే కలుపుతుంది. కలిపాక గిన్నె తీసేసి, ఆవిడ నోట్లో సిగరెట్ పెట్టి వెలిగిస్తుంది. అంతా చాలా మామూలుగా, రోజూ జరిగేదే అన్నట్టు. తర్వాత పిడికెడంత కోడిని కొయ్యమని హెన్రీకిస్తారు. కత్తి పెట్టగానే దాని కాళ్లు ఆడతాయి, నల్లగా ఏదో పొంగుకొస్తుంది. తండ్రి మాత్రం పళ్లన్నీ కనబడేలా నవ్వు బిగించి, నీకేం తెలుసో చెప్పవయ్యా అంటాడు. నాకు పెద్దగా ఏమీ తెలీదండీ అంటాడు హెన్రీ.

ఆ జవాబు దగ్గర నా కడుపులో ఏదో మెలిపెట్టినట్టవుతుంది, ఎన్నిసార్లు చూసినా. పెద్దవాళ్ల మధ్య కూర్చోబెట్టి ముందేం చేద్దామనుకుంటున్నావని అడిగినప్పుడు నాక్కూడా సరిగ్గా ఆ మాటే నోటిదాకా వస్తుంది. కాబట్టి ఆ సీన్ నన్నెందుకు పట్టుకుందో తెలుసు. మిగతాదే అర్థం కాదు. హెన్రీకీ మేరీకీ పుట్టిన బిడ్డ గదిలోకి వచ్చాక హెన్రీ మీద జాలిపడమని సినిమా అడుగుతోంది, అది తెలుస్తూనే ఉంది. కానీ నా కళ్లు హెన్రీ మీద నిలవవు. బల్ల మీద గుడ్డలు చుట్టి పెట్టిన ఆ బిడ్డ వైపే పోతాయి. ఇది మీలో ఎవరికైనా జరిగిందా? నా వయసులో దీని మాయలో పడ్డవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, అసలు మిమ్మల్ని పట్టుకున్నదేమిటి?

అర్ధరాత్రి ఆట:

మొదటి సంగతి, ఒకే అర్థం ఉండాలన్న బెంగ వదిలేయమ్మా. లించ్ ఎప్పుడూ ఈ సినిమాకి అర్థం చెప్పలేదు. 2025 జనవరిలో పోయేదాకా చెప్పలేదు. సగంలో తనకే దారి తెలియనప్పుడు బైబిల్ తెరిచాననీ, అందులో ఒక్క వాక్యంతో సినిమా మొత్తం కళ్లకు కట్టిందనీ రాసుకున్నాడు. ఏ వాక్యమో మాత్రం బయటపెట్టలేదు. ఇది తన సినిమాలన్నింట్లోకీ ఆధ్యాత్మికమైనదని అంటే, కాస్త వివరించమని అడిగారొకరు. వివరించనని చెప్పి ఊరుకున్నాడు. తండ్రి భయం అన్నది బయటివాళ్లు కట్టిన ముడి. గట్టి ముడే, కానీ సినిమాకి తాళంచెవి అదొక్కటే అనుకోనక్కర్లేదు.

రెండోది, నీ పిచ్చి గురించి. ఆ సినిమా పుట్టిందే అలాంటి పట్టుదలలోంచి. అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో లించ్ విద్యార్థి. స్క్రిప్టు ఇరవయ్యొక్క పేజీలు. అంటే ఇరవై నిమిషాల చిన్న సినిమా అనుకుని వాళ్లు పదివేల డాలర్లు ఇచ్చారు. 1972లో మొదలైన షూటింగు ఏళ్ల తరబడి సాగింది. బెవర్లీ హిల్స్‌లో గ్రేస్టోన్ అనే పెద్ద బంగళా ఉంది, అప్పట్లో ఇన్‌స్టిట్యూట్ అందులోనే. దాని గుర్రపుశాలల్లో సెట్లు వేశారు. డబ్బయిపోయాక లించ్ రాత్రుళ్లు ‘వాల్ స్ట్రీట్ జర్నల్’ పేపర్లు వేసి నడిపాడు. కొన్నాళ్లు ఆ సెట్లోనే, హెన్రీ గదిలోనే పడుకున్నాడు. హెన్రీగా వేసిన జాక్ నాన్స్ భార్య కేథరిన్ కోల్సన్ హోటల్లో వెయిట్రెస్‌గా చేసి తెచ్చిన డబ్బు ఇందులో పోసింది. మైకు పట్టుకుంది, జాక్ జుట్టు దువ్వింది, కెమెరా దగ్గర పనిచేసింది. ఒకచోట హెన్రీ తలుపు తెరుస్తాడు. ఆ తలుపులోంచి ఇవతలికి వచ్చే షాట్ తీసింది ఏడాదిన్నర తర్వాత. అన్నాళ్లూ జాక్ ఆ జుట్టు ఉంచుకునే తిరిగాడు.

నీ నోట్సు మార్జిన్ల సంగతి చదివితే నాకు ముచ్చటేసింది. ఆ జుట్టు కోసం ఒక మనిషి జీవితంలో కొన్నేళ్లు పోశాడు, నువ్వు గీయడంలో వింతేముంది?

నల్లగీత:

తలుపు సంగతి నాకు తెలీదు! ఇప్పుడే ఆ చోటు పెట్టి చూశాను, అతుకు ఎక్కడా కనబడదు. చాలా థాంక్స్ అండీ. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. అర్థం ఏమిటని కాదు నేనడిగేది. నాకే ఎందుకు, ఈ వయసులోనే ఎందుకు అని.

మిక్సింగ్ టేబుల్:

నేను సౌండ్ ఎడిటర్‌ని. ఈ పనిలోకి రావడానికి సగం కారణం నువ్వు రాత్రుళ్లు వింటున్న ఆ ట్రాకే, కాబట్టి నీ జబ్బు నాకు బాగా తెలుసు.

బొమ్మ లేకుండా వింటానన్నావు చూడు, నీ జవాబు సగం అక్కడే ఉందనిపిస్తోంది. ఈ సినిమాలో నిశ్శబ్దం అనేదే దాదాపు లేదు. మామూలు సినిమాలో మనిషి గదిలో ఒక్కడే కూర్చుంటే ఆ గదికి తగ్గ సన్నటి గాలి శబ్దం వేసి వదిలేస్తాం. ప్రేక్షకుడు దాన్ని గమనించకూడదు, అదే మా పనితనం. ఇక్కడ లించ్, సౌండ్ డిజైనర్ అలన్ స్ప్లెట్ కలిసి దానికి పూర్తిగా తలకిందులుగా చేశారు. హెన్రీ గదిలో గాలి, ఆవిరి బుస, ఎక్కడో మిషన్ల రొద, ఇవి మాటలకంటే ముందుకొచ్చి కూర్చుంటాయి. ఆ శబ్దానికి ఆధారం ఏమిటో కెమెరా చూపించదు. కిటికీ తెరిస్తే ఎదురుగా ఇటుక గోడ. శబ్దం మాత్రం ఆ గోడ అవతల నుంచి వస్తూనే ఉంటుంది. అంటే ఆ గదిలో ఉన్నవాడికి బయట ఏదో పెద్దది నడుస్తోందని తెలుస్తుంది, అదేమిటో తెలీదు, దాన్ని ఆపే దారీ లేదు.

ఒక ప్రయోగం చెప్తాను, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చెయ్యి. మేరీ మొదటిసారి బిడ్డకి తినిపించే సీన్ తీసుకో. చెంచా, బిడ్డ ఉమ్మేసే చప్పుడు, మేరీ విసుగు, ఇవన్నీ పక్కనపెట్టి అడుగున ఉన్న గుయ్యి మీదే చెవి పెట్టు. సీన్ మారినప్పుడు అది తెగుతుందా, కొనసాగుతుందా, మందం మారుతుందా చూడు. కట్‌ని కంటికంటే చెవి ముందు పసిగట్టడం అక్కడక్కడా దొరుకుతుంది. హెన్రీ గ్రామఫోన్ మీద ఫ్యాట్స్ వాలర్ ఆర్గాన్ పెట్టుకుంటాడు కదా, అది ఎంత దూరంగా వినిపిస్తుందో కూడా గమనించు. సంతోషం ఎప్పుడూ పక్కింట్లో ఉన్నట్టే ఉంటుంది. గదిని వేడిచేసే రేడియేటర్ లోపల హెన్రీకి కనబడే బుగ్గలుబ్బిన అమ్మాయి పాడే పాట కూడా అంతే. తెర మీద లారెల్ నియర్ పెదవులాడిస్తుంది, గొంతు మాత్రం దానికి ట్యూన్ కట్టిన పీటర్ ఐవర్స్‌ది. మనిషి ఒకచోట, గొంతు ఇంకోచోట. అందుకే ఆ పాట విన్నప్పుడు ఓదార్పూ, వెన్నులో చలీ రెండూ కలుగుతాయి.

షూటింగ్ అయ్యాక ఈ ట్రాక్ మీద ఇద్దరూ నెలల తరబడి కూర్చున్నారు. రెడీమేడ్ శబ్దాలతో సరిపెట్టకుండా తమకు కావలసినవి తామే పుట్టించుకున్నారు. స్ప్లెట్‌కి తర్వాత ‘ది బ్లాక్ స్టాలియన్’ సౌండ్ ఎడిటింగ్‌కి ప్రత్యేక ఆస్కార్ వచ్చింది. నన్నడిగితే ఆయన గొప్ప పని ఇదే.

వసు నర్స్:

నల్లగీతా, నీ ప్రశ్నలో చివరి నాలుగు వాక్యాలు చదివి ఆఫీసు లైట్లు ఆర్పకుండా కూర్చుని రాస్తున్నాను. నేను నెలలు నిండని పిల్లల వార్డులో పనిచేస్తాను. ఈ సినిమా మొదట చూసింది నీ వయసులో, అప్పటికి నర్సింగ్‌లోకి వస్తానని కూడా తెలీదు. అప్పుడూ ఇప్పుడూ నేను చూసేది ఆ బిడ్డనే.

అందరూ రాక్షస శిశువు అంటారు, ఆ మాట నాకు నచ్చదు. ఆ బిడ్డ చేసే పనులేమిటో ఒక్కసారి వరసగా చూడు. పాలు తాగదు, పట్టినా కక్కేస్తుంది. రాత్రంతా సన్నగా, ఆపకుండా ఏడుస్తుంది. మనిషి పక్కనుంటే ఊరుకుంటుంది. హెన్రీ తలుపు దాకా వెళ్తే మొదలుపెడుతుంది, వెనక్కి వస్తే ఆపుతుంది, మళ్లీ వెళ్తే మళ్లీ ఏడుపు. ఒళ్లు కాలుతుందేమోనని థర్మామీటర్ పెడితే మామూలుగానే ఉంటుంది. తీరా తలతిప్పి చూసేసరికి ఒళ్లంతా పొక్కులు, ఊపిరి ఎగశ్వాస. ఇందులో రాక్షసత్వం ఏముంది? ఇది జబ్బుపడ్డ చంటిబిడ్డ. మా వార్డులో రాత్రి డ్యూటీ చేసినవాళ్లెవరినైనా అడుగు, ఒక్కటి కూడా కొత్తగా అనిపించదు. ఆకారం మాత్రమే వేరు. ఆ బిడ్డని ఎలా తయారుచేశారో లించ్ ఎప్పుడూ చెప్పలేదు. సెట్ మీద జాక్ నాన్స్ దానికి స్పైక్ అని ముద్దుపేరు పెట్టాడట. ఆ పేరు తెలిశాక నాకు మనసు తేలికపడింది, ఎవరో ఒకరు దాన్ని పేరు పెట్టి పిలిచారు కదా అని. ఎందుకంటే సినిమాలో ఆ బిడ్డకి పేరు లేదు. ఎవరూ పెట్టరు. బిడ్డ అవునో కాదో ఆసుపత్రిలోనే ఇంకా తేల్చలేదని కన్నతల్లే అంటుంది.

హెన్రీ విషయంలో జనం ఒకటి వదిలేస్తారు. మేరీ నిద్రలేక తట్టుకోలేక పుట్టింటికి పోతుంది. మంచం కింద ఇరుక్కున్న పెట్టెని గుంజుతూ, మంచం ఊగిపోతూ ఉండే ఆ సీన్ ఎంతసేపు సాగుతుందో గుర్తుందిగా. ఆమె పోయాక అతను ఆవిరి మిషన్ పెట్టి ఆ బిడ్డ పక్కన కూర్చుంటాడు. అయ్యో, నీకు నిజంగానే ఒంట్లో బాగాలేదే అంటాడు. ఆ గొంతులో కోపం లేదు. ఏం చేయాలో తెలియని మనిషి తనకు తెలిసిన కాసిన్నీ చేస్తున్నాడు. చివర్లో కత్తెర తీసుకుని ఆ కట్టు కోసేది కూడా ఇతనే. కోశాక తెలుస్తుంది, అవి బట్టలు కావు, లోపలి అవయవాలని పట్టి ఉంచినవి అవే. చర్మమంటూ ఏమీ లేదు. ఆ సీన్ ఈ రోజుకీ నేను కళ్లెత్తి చూడలేను, చూడమని నీకూ చెప్పను.

ఇక నీ వయసులోనే ఎందుకు అన్నదానికి నా జవాబు. పెద్దవాళ్లు ఈ సినిమాని హెన్రీ వైపు నుంచి చూస్తారు, ఎందుకంటే వాళ్లకి నిద్ర లేకుండా చేసేవాళ్లు ఇంట్లో ఉన్నారు. పదహారు, పదిహేడేళ్లప్పుడు మనం ఇంకా బల్ల మీద ఉన్నవాళ్లమే. మన వల్ల ఇంట్లో నిద్రలు పోతున్నాయని తెలిసే వయసు. డబ్బు లెక్కలు మన పేరు మీద వేస్తున్నారని తెలుస్తుంది. ఈ పిల్ల ఏమవుతుందో అన్న చూపు మన మీద పడుతుంది. మనమేమో ఏం కాబోతున్నామో మనకే తెలియని రూపంలో ఉంటాం. ఒళ్లు మారుతుంది, ముఖం మారుతుంది. అద్దంలో ఉన్నది మనమో కాదో తేలదు. అలాంటప్పుడు ఎవరికీ ఏమని పిలవాలో తెలియని ఒక ప్రాణం, కదలడానికి లేకుండా, అందరి నిద్రా చెడగొడుతూ, ఏడవడం తప్ప ఇంకేమీ చేతకాక పడుంటే, మన కళ్లు అటు పోక ఎటు పోతాయి? నాకు ఆ వయసులో ఈ సినిమా చూస్తే భయం వేయలేదు. నా తరఫున ఎవరో సాక్ష్యం చెప్పినట్టనిపించింది. ఇంట్లో నన్ను ప్రేమించారు, బాగా చూసుకున్నారు, అదంతా నిజం. అయినా ఆ ఇంట్లో నేనొక బరువునన్న అనుమానం నాలో ఎక్కడో ఉండేది, దాన్ని ఎవరితోనూ అనే వీల్లేదు. ఈ సినిమాలో అది దాచుకోకుండా ఉంది.

పక్క సీటు:

అందరూ బాగానే చెబుతున్నారు గానీ, పదిహేడేళ్ల పిల్ల రాత్రుళ్లు ఇది వింటూ పడుకోవడం మంచిదేనా? సినిమా వచ్చినప్పుడే ఒక ప్రముఖ పత్రిక దీన్ని రోత పుట్టించే పని అని తిట్టిపోసింది. ఎవరూ అడగడం లేదు కాబట్టి అడుగుతున్నాను. కోపగించుకోకండి.

అర్ధరాత్రి ఆట:

అడగవలసిన ప్రశ్నే. ఆ రివ్యూ మాత్రం లెక్కలోకి తీసుకోను. 1977లో న్యూయార్క్‌లో డిస్ట్రిబ్యూటర్ బెన్ బారెన్‌హోల్జ్ దీన్ని సినిమా విలేజ్ హాల్లో అర్ధరాత్రి ఆటగా వేస్తే మొదటి రాత్రి వచ్చింది ఓ పాతిక మంది. తీసేయకుండా వేస్తూనే ఉన్నాడు, నోటి మాట మీద జనం పెరిగారు. నిర్మాత మెల్ బ్రూక్స్ చూసి ‘ది ఎలిఫెంట్ మ్యాన్’ సినిమా లించ్ చేతిలో పెట్టాడు. కూబ్రిక్ ‘ది షైనింగ్’ తీసేటప్పుడు తనవాళ్లకి ముందు దీన్ని చూపించాడు, ఆ మూడ్ ఎలా ఉండాలో తెలియడానికి. 2004లో అమెరికా ‘నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీ’లో, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో, చేర్చారు. కానీ ఇవేవీ నీ ప్రశ్నకి జవాబు కావని తెలుసు. అది వసు గారు చెప్పాలి.

వసు నర్స్:

పిల్ల తింటోంది, చదువుతోంది, స్నేహితురాలిని పిలిచి చూపించాలని సరదాపడింది. దాచుకుని చూడటం లేదు. ఇవి నాకు ధైర్యాన్నిచ్చే గుర్తులు. నిద్ర పూర్తిగా చెడినా, మనుషుల్ని వదిలి గదికే అతుక్కుపోయినా, తనకి తాను అక్కర్లేదన్న ఆలోచనలు వస్తున్నా మాత్రం సినిమా సంగతి పక్కనపెట్టి ఇంట్లో ఒకరితో, తర్వాత డాక్టరుతో మాట్లాడాలి. నల్లగీతా, ఇది నిన్ను తప్పుపట్టడం కాదు, నా పని అలవాటు కొద్దీ చెప్తున్నా. నిద్రకి ముందు మాత్రం ఆ ట్రాక్ వద్దు. పగలు విను.

నల్లగీత:

వసు అక్కా, మీది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. పక్క సీటు గారూ, కోపమేం లేదు, అడిగినందుకు సంతోషం. అక్క చెప్పినలాంటి ఆలోచనలేవీ లేవు, ప్రామిస్.

మిక్సింగ్ టేబుల్ గారు గోడ అవతలి శబ్దం అన్నారు కదా, అది, అక్క చెప్పింది కలిపితే నాకిప్పుడు ఒకటి తట్టింది. నా గదికీ మా అమ్మానాన్నల గదికీ మధ్య గోడ పల్చన. రాత్రి వాళ్లు మెల్లగా మాట్లాడుకుంటారు. మాటలు వినిపించవు, గొంతులు వినిపిస్తాయి. నాన్నది కింద గుయ్యిమంటూ, అమ్మది పైన. మధ్యలో ఒక్కోసారి నా పేరు మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. ఆ తర్వాత మళ్లీ గుయ్యి. ఏమనుకుంటున్నారో తెలీదు. ఫీజు గురించో, నేను ఏం చదవాలనో, మామూలు సంగతులే అయ్యుంటాయి. చిన్నప్పుడు ఆ శబ్దం వింటే హాయిగా నిద్ర వచ్చేది. ఈ రెండేళ్లుగా అదే శబ్దానికి మెలకువ వస్తోంది. నేను ఫోన్ బోర్లించి వింటున్నది అదే అనుకుంటా. సినిమాలో అయితే నా పేరు రాదు, అందుకని నిద్ర పడుతుంది.

మిక్సింగ్ టేబుల్ గారూ, మీరు చెప్పిన తినిపించే సీన్ హెడ్‌ఫోన్స్‌తో విన్నాను. అడుగున గుయ్యి నిజంగానే ఉంది, ఇన్నాళ్లూ అది నా ఫోన్‌ది అనుకున్నాను. ఒక డౌట్. నాకు మా ఇంటి గోడ అవతలి శబ్దం, మాటలు కాకుండా ఒట్టి రొద, రికార్డు చేసి చూడాలనుంది. ఫోన్‌తో అవుతుందా?

మిక్సింగ్ టేబుల్:

అవుతుంది. మనుషుల మాటలు మాత్రం వద్దు, అది వాళ్లకి చెప్పకుండా చేయకూడని పని. ఫ్రిజ్, నీళ్ల పైపు, గాలి, దూరంగా వెళ్లే బండ్లు, వీటితో మొదలుపెట్టు. ఫోన్‌లో ఆటోమేటిక్‌గా శబ్దం తగ్గించే సెట్టింగ్ ఉంటుంది, అది ఆపేయకపోతే నీకు కావలసిన గుయ్యినే అది చెరిపేస్తుంది. మైకు వైపు గోడకి ఆనించకుండా వేలెడు దూరంలో పెట్టు, కింద మడతపెట్టిన దుప్పటి వెయ్యి. కనీసం ఐదు నిమిషాలు కదలకుండా రికార్డు చెయ్యి. ఆ తర్వాత ఏదైనా ఫ్రీ ఎడిటింగ్ యాప్‌లో వేసి వేగం సగానికి తగ్గించు, శ్రుతి (పిచ్) కూడా దాంతోపాటే పడిపోనివ్వు. ఫ్రిజ్ ఏమవుతుందో విన్నాక ఇక్కడ పెట్టు, అందరం వింటాం.

నల్లగీత:

ఫ్రిజ్ అయింది. పెడుతున్నా. రెండో నిమిషం దగ్గర వచ్చేది మా అమ్మ చెప్పులు, ఆవిడని అడిగే ఉంచాను.